తాత పక్కటెముక మీద పిట్ట

తమ్ముడి శవం పెద్దింట్లో ఉంది. పిరిహీరా వెనక వంటింట్లో చిలగడదుంపలు చెక్కు తీస్తోంది.

అది తప్పని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వంశమంతా కూడే ఆ ఉమ్మడి ఆవరణలో, మరాయ్‌లో, పోయినవాడి రక్తసంబంధీకులు వంటింటి ఛాయలకు పోకూడదు. నల్లబట్టలు కట్టుకుని, తలకు ఆకుల దండ చుట్టుకుని, పెట్టె పక్కన చాపల మీద కూర్చోవాలి. వచ్చినవాళ్ళతో కలిసి ఏడవాలి. మట్టి చేసేదాకా వాణ్ణి ఒక్క క్షణం ఒంటరిగా వదలకూడదు. వంటంతా దూరపు చుట్టాల పని.

మొదటి రోజే వంటవాళ్ళు ఆమె చేతిలోంచి కత్తి తీసుకున్నారు. ఆమె ఇంకో కత్తి తీసుకుంది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఆలిచిప్పల గిన్నె ఆమె వైపు జరిపారు, బస్తాడు దుంపలు ముందు పోశారు. ఆమె తలెత్తకుండా పని చేసింది. ఏడవలేదు.

ఏడుపు రాకపోవడానికి కారణం కోపం. ఆ కోపం పోయినవాడి మీద.

పిరిహీరా బడి బస్సు నడుపుతుంది. దానితోపాటు ఆ లోయలోని వాలంటీర్ ఫైర్ బ్రిగేడ్‌లో ఉంది. ఇంటింటికీ వెళ్ళి పొగ అలారాలు బిగించే పని ఆమెదే. ఏ గదిలో పెట్టాలి, గోడ మూలకు ఎంత ఎడం ఉండాలి, పొయ్యికి ఎంత దూరం ఉండాలి, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. తమ్ముడు తూరోవా ఇంటి నడవలో అలారం బిగించింది కూడా తనే. ఆ తర్వాత వాడు నడవకి నీలం రంగు వేసుకున్నాడు. అలారానికి గుడ్డ కప్పకుండా వేశాడు. దాని మీద రంగు చుక్కలు పడ్డాయి. పొగ దూరే సందులు మూసుకుపోతే ఏం చేస్తావురా అని ఆమె ఆ రోజు గంటసేపు తిట్టింది. వాడు చీపురుపుల్ల పెట్టి సందులన్నీ శుభ్రం చేశాడు. ఒక్క చుక్క మాత్రం పక్కన మిగిలిపోయింది.

ఆ ఇల్లు ఈ వారం అంటుకుంది. వానకి తడిసిన మేజోళ్ళు హీటరు మీద ఆరేసి పడుకున్నాడు. ఫైరింజను మీద వెళ్ళినవాళ్ళలో పిరిహీరా ఉంది. వాడు నడవలో బోర్లా పడి ఉన్నాడు. తలుపు ఇంకా నాలుగడుగుల దూరం. నిప్పు వాణ్ణి తాకలేదు. పొగే తీసుకుపోయింది.

ఆమె టార్చి లైటు వేసి పైకి చూసింది. సీలింగుకు అలారాన్ని పట్టి ఉంచే చక్రం ఒక్కటే ఉంది. రెండు మరలతో తను బిగించినది. దాని మీద అలారం లేదు. కరిగి కింద పడలేదు. ఎవరో తిప్పి, ఊడదీసి తీసుకెళ్ళారు.

బ్రిగేడ్ పెద్ద కూడా పైకి చూశాడు. తర్వాత ఆమె వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

తెల్లారేసరికి లోయంతా తెలిసింది. రొట్టెలు వేపుకున్నప్పుడల్లా మోగుతోందని పీకేసి ఉంటాడన్నారు కొందరు. గిటారుకు బ్యాటరీ కావాల్సి వచ్చి ఉంటుందన్నారు ఇంకొందరు. అది నిజం అయ్యే అవకాశమే ఎక్కువ. తూరోవా గిటారులో పట్టేదీ, అలారంలో పట్టేదీ ఒకే రకం చదరపు బ్యాటరీ. పాట మధ్యలో గిటారు మూగబోతే వాడు టార్చి అయినా విప్పుతాడు, రేడియో అయినా విప్పుతాడు.

ఊరూరా తిరిగి ప్రాణాలు కాపాడతానని అలారాలు బిగించే మనిషి తమ్ముడు అలారం లేక చచ్చాడు. దుంప తర్వాత దుంప చెక్కుతూ పిరిహీరా ఆ ఒక్క మాటే నమిలింది.

మూడో రోజు పొద్దెక్కాక వైమారీ పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. నల్లబట్టల్లో ఉంది కదా, రాకూడదు.

"మధ్యాహ్నం పెట్టె మూత బిగిస్తారు. వచ్చి నీ తమ్ముణ్ణి చూసుకో" అంది.

"చూశాను పిన్నీ. అందరికంటే ముందు చూసింది నేనే."

"అది చూడటం కాదే. మాట్లాడు. తిట్టు. కావాలంటే పెట్టె మీద గుద్దు. మీ బాబాయి పోయినప్పుడు నేను తిట్టిన తిట్లకి పాస్టరు చెవులు మూసుకున్నాడు. మూత పడ్డాక తిట్టినా ఒకటే, తిట్టకపోయినా ఒకటే."

పిరిహీరా ఇంకో దుంప తీసుకుంది. పిన్ని గొంతు తగ్గించింది. పెద్దింట్లోకి నిన్న సాయంత్రం నుంచి ఏదో పిట్ట దూరిందని చెప్పింది. కనబడదు. కొంచెంసేపటికోసారి పైన వాసాల్లో కీచుమంటుంది. పిల్లలు ఇంకేదో అన్నారు కానీ పెద్దవాళ్ళు నోరు మూయించారు. ఇంట్లోకి పిట్ట వస్తే చావుకబురు తెచ్చిందని అర్థం. చావు ఇప్పటికే వచ్చి పెట్టెలో పడుకుని ఉంది. మరి ఈ పిట్ట ఎవరి కోసం?

"నువ్వు రాలేదనే వాడు ఊరుకోవట్లేదు" అంది పిన్ని. "రాత్రంతా నాకు నిద్ర లేదు. రా, నా కోసం రా."

పిరిహీరా కత్తి కింద పెట్టింది. చేతులు కడుక్కుంది.

పెద్దింటికి రోంగోతాహి అని పేరు. అది ఇల్లు కాదు, ఆ వంశానికి మూలపురుషుడు. ముందు వైపు చూరు మీద ఆయన ముఖం, ఏటవాలు పలకలు ఆయన చాచిన చేతులు. ఇంటి పొడవునా సాగే దూలం ఆయన వెన్నెముక. దాన్నుంచి రెండు వైపులా గోడల్లోకి దిగే వాసాలు పక్కటెముకలు. పెళ్ళయినా, చావైనా, మీటింగైనా ఆయన కడుపులోనే పరుపులు పరుచుకుని అందరూ వరసగా పడుకుంటారు.

ఈ పొగ అలారం గొడవ అక్కడే మొదలైంది.

చలికాలం రాకముందు పిరిహీరా అట్టపెట్టె నిండా అలారాలు తెచ్చి మరాయ్ మీటింగులో పెట్టింది. నేల మీద అంతమంది పడుకుంటారు, చుట్టూ పాత హీటర్లు, వాటి వైర్లు పరుపుల కింద. ఎండిన చెక్క ఇల్లు. అంటుకుంటే నిలిచేది కాదని చెప్పింది. పొగ పైకి పోతుంది కాబట్టి అలారాలు పైన ఉండాలంది.

ఎరువేరా మావయ్య చేతికర్ర నేలకానించి లేచాడు. మరాయ్‌లో ఆఖరి మాట ఆయనది. పిరిహీరా తల్లికి అన్న.

"రోంగోతాహి వెన్నులో మర దింపుతావా?" అన్నాడు.

తూరోవా వెనక నుంచి నవ్వాడు. "మావయ్యా, మన గురకలు విని విని తాతకి ఈపాటికి చెవుడొచ్చి ఉంటుంది. ఒక్క సూది పొడిస్తే ఏమవుతుంది చెప్పండి."

"సూది గురించి నువ్వు చెప్పాలి. టీకా వేస్తారంటే బడి కిటికీలోంచి దూకి పారిపోయినవాడివి."

అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

నిజానికి పిరిహీరా వెన్నెముకలోనే బిగించాలని అనలేదు. సరిగ్గా శిఖరం కింద గాలి కదలకుండా నిలిచిపోతుంది. పొగ అందులోకి త్వరగా చేరదు. అక్కడినుంచి మూరెడు కిందికి, వాసం మీద పెట్టాలని చెప్పబోయింది. చెప్పింది కూడా. అప్పటికే మర అన్న మాటకి అందరి చెవులూ మూసుకుపోయాయి.

మీటింగయ్యాక తూరోవా ఆమె వెనకాలే బస్సు దాకా వచ్చాడు.

"ఒక్కటి ఇవ్వక్కా. మావయ్యకి నేను చెప్పుకుంటాలే."

శుక్రవారం శుక్రవారం వాడు లోయలోని పిల్లలందరికీ పాటలూ ఆటలూ నేర్పుతాడు. ఆ రాత్రి పిల్లలు పెద్దింట్లోనే పడుకుంటారు. అందుకే అడిగాడు. పిరిహీరా అప్పటికి మండిపోతోంది. ఒక్కటి కూడా మిగల్లేదని, అన్నీ పై లోయ ఇళ్ళకు మాటిచ్చేశానని చెప్పింది. కావాలంటే మావయ్యనే కాపలా పడుకోమను అంది.

"మావయ్య గురక అలారం కంటే గట్టిదే. కానీ అది మంటొచ్చినా రాకపోయినా మోగుతుందక్కా" అని వాడు నవ్వాడు.

ఆమె నవ్వలేదు. బస్సు తలుపు వేసుకుంది.

ఇప్పుడు వైమారీ పిన్ని చేయి పట్టుకుని ఆమె పెద్దింటి గుమ్మం దాటింది. చెప్పులు బయట వదిలింది. లోపల మాట్లాడుతున్న అతిథి ఆగిపోయాడు. చాపల మీది ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. గోడ నిండా పోయినవాళ్ళ ఫోటోలు. వాటి కింద తెరిచిన పెట్టె. పాదాల దగ్గర వాడి గిటారు గోడకి ఆనించి ఉంది.

ముఖం మీద చిన్న మచ్చ కూడా లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. అదే ఆమెకు భరించరానిదిగా ఉంది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తర్వాత మొదలుపెట్టింది.

"తూరోవా. లేవరా. వద్దులే, పడుకో. లేవాల్సినప్పుడు లేవలేదు, ఇప్పుడు లేచి ఏం చేస్తావు."

వెనక ఆడవాళ్ళు సన్నగా మూలిగారు. అలాగే అనాలి. పోయినవాడితో ఎదురెదురుగా మాట్లాడాలి.

"నీ నడవలో దాన్ని నేనే బిగించాను. నిచ్చెన నువ్వే పట్టుకున్నావు. పట్టుకుని ఊపావు, వెధవా. పడిపోతానని నేను అరిస్తే నవ్వావు. ఇంటింటికీ తిరిగి అందరికీ చెప్పాను, నీకొక్కడికే ఎక్కలేదు. ఎక్కడుందిరా అది? రొట్టెల కోసం పీకావా? గిటారు కోసం పీకావా? ఎక్కడ పారేశావు? చెప్పు. మూత పడకముందు నాకు చెప్పి పో."

ఆమె ఆగింది.

పైనుంచి కీచుమంది. ఒక్కసారే.

వైమారీ పిన్ని ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. ఎవరో పొడవాటి చీపురు పైకెత్తారు.

"కొట్టకండి" అంది పిరిహీరా.

ఆమె తలెత్తి కదలకుండా కూర్చుంది. ఎదురుచూసింది. మళ్ళీ కీచుమంది. అదే గొంతు, అంతే పొడుగు. ఏ పిట్టా రెండుసార్లు అచ్చం ఒకేలా కూయదు. ఈ కూత ఆమె లోయలో ప్రతి ఇంట్లోనూ విన్నది. బ్యాటరీ అయిపోతోంది, మార్చండి అని అలారం అరిచే అరుపు అది.

ఈ ఇంట్లో అలారం లేదు. ఉండనివ్వలేదు.

ఆమె లేచి నిచ్చెన కావాలంది. ఇల్లంతా గొణుగుడు లేచింది. శవం లోపల ఉండగా ఎవరూ దాని తలకంటే ఎత్తుకు ఎక్కకూడదు. మావయ్య కర్ర నేల మీద కొట్టాడు. అందరూ ఆగారు. ఆయన పెట్టె వైపు చూశాడు, తర్వాత వాసాల వైపు చూశాడు.

"అడిగింది నువ్వు" అన్నాడు. "జవాబు చెప్పాడు. వెళ్ళి చూడు."

నిచ్చెన అప్పటికే గుమ్మంలో ఉంది. పట్టుకున్నది హామియోరా, పెదనాన్న కొడుకు. ఎవరూ తెమ్మని చెప్పకముందే తెచ్చాడు. తల ఎత్తడం లేదు.

పిరిహీరా ఎక్కింది. వెనక నుంచి మూడో పక్కటెముక. వెన్నెముకకు సరిగ్గా మూరెడు కింద, వాసం చాటున, కింద ఉన్నవాళ్ళకు కనబడని చోట, తెల్లటి గుండ్రటి అలారం. ఒక్క మర కూడా లేదు. నారతో పేనిన తాడు వాసం చుట్టూ తిప్పి, అడ్డంగా, నిలువుగా అల్లి కట్టారు. పాత పడవలకు చెక్కలు కట్టినట్టు. పొగ దూరే సందులకు తాడు అడ్డం రాకుండా చూసి మరీ కట్టారు.

అలారం అంచున నీలం రంగు చుక్క ఉంది.

ఆమె రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. మూరెడు కిందికి అని ఆ రోజు మీటింగులో ఆమె చెప్పిన మాట ఇంటినిండా మనుషుల్లో ఒక్కడు విన్నాడు.

"హామియోరా" అంది పైనుంచే. "చెప్పు."

అతను చెప్పాడు. మీటింగయిన వారమే, పిల్లలు రాకముందు, ఇద్దరూ కలిసి కట్టారు. నిచ్చెన తను పట్టుకున్నాడు. మరి నీ ఇంటికి ఏదిరా అని తను అడిగాడు కూడా.

"ఏమన్నాడు?"

"అక్కడ నేనొక్కణ్ణే, ఇక్కడ ఇంటినిండా పిల్లలు అన్నాడు. టౌనుకి వెళ్ళినప్పుడు ఇంకోటి కొనుక్కుంటానన్నాడు. మావయ్యకి చెప్పొద్దన్నాడు, అక్కకి అసలు చెప్పొద్దన్నాడు. మళ్ళీ గంటసేపు తిడుతుందన్నాడు."

ఆ తర్వాతే వానలు పట్టుకున్నాయి. కొండచరియ పడి టౌనుకు పోయే రోడ్డు మూసుకుపోయింది. వారాలు గడిచినా తెరవలేదు. ఆ వానలోనే వాడి మేజోళ్ళు తడిశాయి.

"మూడు రోజులుగా ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనక్కా. చెబితే మావయ్య గుండెలో ఒక ముల్లు, నీ గుండెలో ఒక ముల్లు. నువ్వు వాడి మీద కోపంగా ఉంటేనే నయమనుకున్నా."

పిరిహీరా మెట్టు మెట్టూ దిగింది. కోపం ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీలోకి మూడు రోజులుగా ఆగిన ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. ఆమె పెట్టె పక్కన కూలబడింది. వాడి నుదుటికి నుదురు, ముక్కుకి ముక్కు ఆనించింది. చల్లగా ఉంది. ఒక్కటి ఇవ్వక్కా అన్నాడు. ఆ రోజు బస్సు వెనక సీటు కింద ఆ అలారాల అట్టపెట్టె ఉంది. అందులో ఒక్కటి తీసిచ్చి, పై లోయలో ఒక ఇంటికి నెల ఆలస్యంగా ఇచ్చినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

"పీకేశావనుకున్నాన్రా" అంది వాడి చెవిలో. "గిటారు కోసం పీకేశావనుకున్నాను."

ఎరువేరా మావయ్య కర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చి నిచ్చెన పక్కన నిలబడ్డాడు. గోడలోకి దిగే చోట ఆ వాసం మీద అరచేయి పెట్టాడు. మాట పెట్టెలోని వాడితోనే.

"ఒక్క మాట నన్ను అడిగి ఉంటే..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. "అడిగావు. నవ్వుతూ అడిగావు. నవ్వుతూ అడిగావని నేను వినలేదు."

తర్వాత ఇంట్లో ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. వీడు తాతను పొడవలేదని, కట్టాడని చెప్పాడు. ఇనుప మేకులు ఈ నేలకు రాకముందు తాతల ఇళ్ళలో ఎముకలన్నీ కట్టినవేనని, అది తనకు గుర్తుండాల్సిందని, ఆ వయసు తనకే ఉందని చెప్పాడు. మిగతా వాసాలకూ ఇలాగే కట్టండన్నాడు. నార పేనడానికి ముసలివాళ్ళు సాయంత్రమే కూర్చోవాలన్నాడు. ఎక్కడెక్కడ కట్టాలో పిరిహీరా చెబుతుందన్నాడు.

పైన మళ్ళీ కీచుమంది.

"దానికి ఆకలేస్తోంది" అంది వైమారీ పిన్ని. ఆమె ముఖమంతా తడిసి ఉంది. "ఏదైనా పెట్టవే."

చదరపు బ్యాటరీ ఎవరి దగ్గరా లేదు. దుకాణం ఉన్నది మూసుకుపోయిన రోడ్డుకి అవతల. పిరిహీరా చుట్టూ చూసింది. తమ్ముడి పాదాల దగ్గర గోడకి ఆనించిన గిటారు మీద చూపు ఆగింది.

ఎవరూ ఏమీ చెప్పకుండానే పిన్ని దాన్ని తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. గిటారు పక్కన చిన్న మూత ఉంది. పిరిహీరా గోటితో తెరిచింది. లోపల బ్యాటరీ కొత్తగానే ఉంది. ఈ మధ్యే వేసుకున్నాడు. ఎక్కడి నుంచో తెచ్చుకున్నాడు, ఏ టార్చి విప్పాడో, ఏ రేడియో విప్పాడో. అలారం మాత్రం విప్పలేదు.

ఆమె బ్యాటరీ గుప్పిట్లో పట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఈసారి హామియోరా ఒక్కడే కాదు, మావయ్య కూడా ఒక చేత్తో నిచ్చెన పట్టుకున్నాడు. తాడు ముడి విప్పకుండానే అలారం మూత తీసే వీలుంది. అలా ఆలోచించే కట్టాడు వాడు. ఆమె పాతది తీసి కొత్తది వేసింది. మూత నొక్కింది.

బ్యాటరీ మార్చాక మోగించి చూడాలి. అది నియమం. ప్రతి ఇంట్లోనూ ఆమె చెప్పే ఆఖరి మాట అదే. ఆమె గుండ్రటి బొత్తాం మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది.

అలారం మోగింది. ఆ మోత వెన్నెముక పొడవునా పరుగెత్తి గోడల్లోకి దిగింది. చంటిపిల్ల కెవ్వుమంది. కునుకు తీస్తున్న ముసలివాళ్ళు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. తలుపు దగ్గరివాళ్ళు రెండడుగులు బయటికి వేశారు. వెనక వంటింట్లోంచి చేతుల్లో గరిటెలతో మనుషులు పరుగెత్తుకొచ్చారు. చచ్చినట్టు నిద్రపోయేవాణ్ణి కూడా లేపే మోత అది.

ఇంట్లో ఒక్కడే కదల్లేదు.

పిరిహీరా పెట్టెలోకి చూస్తూనే ఉంది. బొత్తాం మీంచి వేలు తీయలేదు.